దమ్యాన్ శాపం: పొలిమేర దాటిన ఛోటా భీమ్

'ఛోటా భీమ్ అండ్ ద కర్స్ ఆఫ్ దమ్యాన్' 2012 మే 18న థియేటర్లకు వచ్చిన యానిమేషన్ సినిమా. దర్శకుడు రాజీవ్ చిలక. తీసింది హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ. పోగో ఛానెల్లో 2008 ఏప్రిల్ 6న మొదలైన 'ఛోటా భీమ్' కార్టూన్ ధారావాహిక దీనికి మూలం. ఆ ధారావాహిక నుంచి వెండితెరకెక్కిన తొలి సినిమా ఇదే. పన్నెండేళ్ళ తర్వాత, 2024 మే 31న, ఇదే కథను ఇదే దర్శకుడు బొమ్మల్ని పక్కనపెట్టి నటీనటులతో మళ్ళీ తీశాడు. 2012లో ఏడెనిమిదేళ్ళున్న పిల్లలు అప్పటికి ఓటర్లయ్యారు.

తెలుగు గడ్డ మీద పుట్టినా ఈ సినిమా తెలుగు సినిమా కాదు. ఊరి పేరు ఢోలక్‌పూర్, రాజు ఇంద్రవర్మ, లడ్డూలమ్మే ఆవిడ టున్‌టున్ మౌసి. భీముడనే పేరు మనకు కొత్త కాదు. ముఖ్యంగా ఓరుగల్లు నేలలో ఆ పేరుకు గుట్టలున్నాయి, బొమ్మల పటాలున్నాయి, రాత్రంతా సాగే కథలున్నాయి. ఆ భీముడికీ ఈ భీముడికీ మధ్య ఎంత దూరముందో చూడకుండా ఈ సినిమాను అంచనా వేస్తే సగమే చూసినట్టు.

టీవీలో పుట్టిన ఊరు

రాజీవ్ చిలక కంప్యూటర్ సైన్సు చదువుకు అమెరికా వెళ్ళాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాడు. తర్వాత దాన్ని వదిలేసి శాన్‌ఫ్రాన్సిస్కోలో యానిమేషన్ నేర్చుకున్నాడు. 2001లో హైదరాబాదులో గ్రీన్ గోల్డ్ పెట్టాడు. అప్పట్లో మన దేశంలో యానిమేషన్ స్టూడియో అంటే చాలావరకు పాశ్చాత్య సంస్థలు పంపిన బొమ్మలకు కదలికలు వేసిచ్చే చోటు. పాత్ర వాళ్ళది, కథ వాళ్ళది, కూలి మనది. గ్రీన్ గోల్డ్ ఆ దారి వదిలి సొంత పాత్రల మీద పందెం కాసింది. విక్రమ్ బేతాళ్ కథ, చిన్నికృష్ణుడి కథలు తీశాక, పురాణం నుంచి పేరు మాత్రమే అరువు తెచ్చుకున్న ఛోటా భీమ్ దగ్గర ఆ పందెం పండింది.

భీమ్ తొమ్మిదేళ్ళ పిల్లవాడు. కాషాయరంగు ధోతీ, పైన చొక్కా లేదు. లడ్డూ తింటే బలం రెట్టింపు. వెంట చుట్కీ, చిన్నారి రాజు, మాట్లాడే కోతి జగ్గూ. ఎదురుగా బొద్దుగా, అసూయగా కాలియా, వాడికి తందానా అనే కవలలు ఢోలూ, భోలూ. పహిల్వాన్‌పూర్ నుంచి వచ్చే ప్రత్యర్థికి కీచక్ అని పేరు పెట్టడంలో రచయితల కొంటెతనం కనిపిస్తుంది. మహాభారతం ఇక్కడ కథగా లేదు, తిరగమోతలో ఇంగువలా ఉంది.

ఒక్కో కథ పది పదకొండు నిమిషాలు. ఊరికి ఓ దొంగో, పొగరుబోతు మల్లుడో వస్తాడు, కాలియా ఏదో తిక్కపని చేస్తాడు, భీమ్ లడ్డూ తిని సర్దుతాడు, చివర్లో అందరూ నవ్వుతారు. మర్నాటికి ఏమీ జరగనట్టే ఊరు మళ్ళీ మొదటికొస్తుంది. పెద్దవాళ్ళకు విసుగు పుట్టించేదీ, పసివాళ్ళకు భద్రంగా అనిపించేదీ ఈ తిరుగుడే. పోగో ఈ కథల్ని హిందీతో పాటు తమిళం, తెలుగు మాటల్లోనూ వినిపించింది. హైదరాబాదులో గీసిన బొమ్మ హిందీ నేర్చుకుని, మళ్ళీ తెలుగు డబ్బింగుతో హనుమకొండ ఇళ్ళలోకి వచ్చిందన్నమాట. డోరాను 'డోరా బుజ్జి'గా మార్చి పెరట్లో పిల్లను చేసుకున్న ఖుషీ టీవీ ధాటి ఇందులో లేదు. మెక్సికో వాసన ఉన్న డోరాకు దక్కిన తెలుగుతనం హైదరాబాదు భీముడికి దక్కలేదు.

ఇసుక కింద సోనాపూర్

సినిమా కథ సులువుగా చెప్పుకోవచ్చు. ఢోలక్‌పూర్‌కు ఎంతో దూరాన, ఎడారి ఇసుకలో కూరుకుపోయిన సోనాపూర్ అనే బంగారు నగరం. వెయ్యేళ్ళ కింద దాన్ని చెరబట్టిన మాంత్రికుడు దమ్యాన్ అమరత్వం సంపాదించాడు, కానీ శాపం తగిలి ఆ నగరంలోనే బందీ అయ్యాడు. అతణ్ణి విడిపించాలనుకునే స్కంది, తాకీ ఇంద్రవర్మ దగ్గర చేరి బంగారం ఆశ పెడతారు. రాజు బయల్దేరతాడు, వెంట భీమ్ దండు, కాలియాతో సహా. తవ్వకం మొదలవుతుంది. బంగారంతో పాటు దమ్యాన్ కూడా బయటపడతాడు. చావు లేనివాణ్ణి ఓడించే దారి ఒక్కటే: వెయ్యేళ్ళు వెనక్కి వెళ్ళి, అతను అమరుడు కాకముందే అడ్డుకోవడం. పాత కాలంలో గురు శంభు భీమ్‌కు విద్య నేర్పుతాడు.

ఇప్పుడు మళ్ళీ చూస్తే మొదట పట్టేది రాజుగారి ఆశ. టీవీలో ఇంద్రవర్మ దయగల, కాస్త నిస్సహాయుడైన ప్రభువు. ఆపదొస్తే 'భీమ్‌ను పిలవండి' అనడమే ఆయన పరిపాలన. ఇక్కడ ఆపదను తెచ్చిపెట్టేది స్వయంగా ఆయనే. పిల్లల సినిమాలో తప్పు పెద్దవాడి నెత్తిన పెట్టడం చిన్న సాహసమేమీ కాదు. కథ ఆ దారిలో ఇంకొంచెం నడిచి ఉంటే బాగుండేది. కానీ దమ్యాన్ లేచిన క్షణం నుంచి రాజు తప్పు మరుగున పడి, మాయలూ మంత్రాలూ పోటెత్తుతాయి.

రెండో సంగతి, లడ్డూ. టీవీలో లడ్డూ సరదా: మౌసి దుకాణంలోంచి కొట్టేయడం, ఆవిడ కర్రపట్టుకుని వెంటపడటం, ఆ తర్వాతే బలం. ఎడారిలో మౌసి దుకాణం లేదు. లడ్డూ అక్కడ మందుగోలీ అయిపోయింది. బలం మిగిలింది, దొంగతనం పోయింది, దొంగతనంతో పాటు ఆ ఇంటి నవ్వూ పోయింది. తెలుగు ప్రేక్షకుడికి ఇది ఇంకా బాగా తెలుస్తుంది. 'మాయాబజార్' (1957)లో భీముడి కొడుకు ఘటోత్కచుడు పెళ్ళివారి వంటలు లాగించే ఘట్టంలో లడ్డూలు తమంతట తామే ఎగిరివచ్చి ఎస్వీ రంగారావు నోట్లో పడతాయి. అక్కడ తిండే ఆట, తిండే మాయ. ఆ సినిమాకు కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు అర్ధ శతాబ్దం తర్వాత, 2008లో, 'ఘటోత్కచ్' అనే పూర్తి నిడివి యానిమేషన్ సినిమా తీశారు. ఢోలక్‌పూర్ టీవీలో వెలిసింది కూడా ఆ ఏడే.

ఊరు దాటే సూత్రం

టీవీ కార్టూన్‌ను సినిమా చేసినవాళ్ళందరూ ప్రపంచమంతటా దాదాపు ఒకటే ఎత్తు వేశారు: నాయకుణ్ణి ఊరు దాటించడం. 1964లో హన్నా-బార్బెరా వాళ్ళు యోగి ఎలుగుబంటిని అతని జెల్లీస్టోన్ పార్కులోంచి బయటికి లాగారు. 'రగ్‌రాట్స్' (1998) పసివాళ్ళు అడవిలో తప్పిపోయారు. 'స్పాంజ్‌బాబ్' (2004) సముద్రపు అడుగున ఊరు వదిలి కిరీటం వెతుక్కుంటూ పోయాడు. 'సింప్సన్స్' (2007) కుటుంబం ఏకంగా అలాస్కా చేరింది. టీవీలో ఊరు మారకపోవడమే హామీ. సినిమా టికెట్టు కొన్నవాడికి ఆ హామీ చాలదు. ఊరికే ముప్పు తేవాలి, లేదా ఊరే వదిలించాలి. సోనాపూర్ ఈ వరసలోదే.

జపాన్‌లో దీన్ని వ్యవసాయంలా ఏటేటా పండించారు. 1979లో మొదలైన 'డోరేమాన్' ధారావాహిక నుంచి 1980లో 'నోబితా డైనోసార్' సినిమా వచ్చింది. ఆ తర్వాత దాదాపు ప్రతి వసంతంలోనూ ఒక కొత్త డోరేమాన్ సినిమా. అక్కడి ప్రేక్షకులు ఎప్పటినుంచో గమనించిన విశేషం ఒకటుంది: టీవీలో నోబితాను చితకబాదే జియాన్, సినిమాలో మాత్రం ప్రాణమిచ్చే స్నేహితుడవుతాడు. ఊరి గొడవలు పొలిమేర దాకానే. కాలియా జియాన్‌కు మన తమ్ముడు. దమ్యాన్ సినిమాలో కాలియా కోతలు, పిరికితనం హాస్యానికి మిగిలినా, ఇంటికి దూరమైన పిల్లల గుంపులో వాడు శత్రువు కాదు, మనవాడే. టీవీ చూసి వాణ్ణి తిట్టుకున్న పిల్లలకు ఇది చిన్న బహుమతి.

ముక్కల బొమ్మ

సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. నిమిషానికి 1,440. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములపాటు నిలిపినా నిమిషానికి 720 బొమ్మలు కావాలి. రోజూ ప్రసారమయ్యే కార్టూన్‌కు అన్ని బొమ్మలు చేత్తో గీస్తే ఏ స్టూడియో నిలబడదు. అందుకే ఛోటా భీమ్‌ను ఫ్లాష్ పద్ధతిలో చేశారు. భీమ్ ఇందులో ఒక బొమ్మ కాదు, ముక్కల పెట్టె. తల వేరు, కనుబొమ్మలు వేరు, భుజం, మోచేయి, అరచెయ్యి వేర్వేరు. నోటికి అక్షరాలను బట్టి కొన్ని ఆకారాలు: మూసిన పెదవులు 'మ'కు, గుండ్రంగా 'ఓ'కు, బాగా తెరిస్తే 'ఆ'కు. ముఖం ఎదుటి నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, ముప్పాతిక ఒకటి. యానిమేటర్ చేసేది ఈ ముక్కల్ని కీలుకీలు దగ్గర తిప్పి కూర్చడం. ఒకసారి నడక కుదిరితే అదే నడక వంద కథలకు పనికొస్తుంది. ఢోలక్‌పూర్ వీధిలో భీమ్ ఎప్పుడూ ఎడమ నుంచి కుడికో, కుడి నుంచి ఎడమకో పక్కవాటంగా నడవడానికి కారణం ఈ పొదుపే.

కంప్యూటర్‌లో కొత్తదైన ఈ పని మన ఊళ్ళలో పాతదే. తోలుబొమ్మలో చెయ్యి భుజం దగ్గర, మోచేతి దగ్గర విడివిడి ముక్కలు; దారం ముడేసి కీలుగా బిగిస్తారు. తెర వెనక దీపం, పుల్ల పట్టిన చెయ్యి, పక్కవాటంగా సాగే నడక. నేటి జనగామ జిల్లాలోని, అంటే పాత వరంగల్ జిల్లాలోని, పాలకుర్తితో పేరు ముడిపడిన పాల్కురికి సోమనాథుడు 'పండితారాధ్య చరిత్ర'లో తెరచాటు బొమ్మలాటను ప్రస్తావించాడు. జర్మనీలో లోటె రైనిగర్ నల్లకాగితం కత్తిరించి 1926లో 'ప్రిన్స్ అహ్మద్ సాహసాలు' తీయడానికి ఆరేడు వందల ఏళ్ళ ముందు మాట అది.

పొదుపు టీవీలో కంటికి ఆనదు. పెద్ద తెర మీద ఆనుతుంది. ఇరవై ఒక్క అంగుళాల పెట్టెలో చలాకీగా కనిపించిన చేయి, థియేటర్లో కీలు దగ్గర విరిగినట్టు కనిపిస్తుంది. దమ్యాన్ సినిమా ఈ ఇబ్బందిని వెనక దృశ్యాలతో కప్పుకుంది: ఎడారి, శిథిలాలు, చీకటి గుహలు. ఆ చోట్ల సినిమా నిజంగానే పెద్దదిగా కనిపిస్తుంది. పాత్రలు దగ్గరికొచ్చి మాట్లాడుకున్నప్పుడు మాత్రం మళ్ళీ టీవీ ముందు కూర్చున్నట్టే.

ఓరుగల్లు భీముడు

పాత వరంగల్ జిల్లాకు తన భీముడున్నాడు. రేగొండ మండలంలో (నేడు జయశంకర్ భూపాలపల్లి జిల్లా) పాండవుల గుట్టలున్నాయి. అక్కడి రాతిచరియల మీద ఆదిమానవులు వేసిన జంతువుల బొమ్మలున్నాయి, అడవిదున్న, జింక, పులి లాంటివి. జనం మాత్రం వనవాసంలో పాండవులు ఇక్కడే తలదాచుకున్నారంటారు. కథకు ఊరు కావాలంటే దూరాన ఎక్కడో ఎడారిలో వెతకనక్కరలేదు, గుట్టకు పేరు పెడితే చాలు.

ఇంకో భీముడు గుడ్డ మీద ఉన్నాడు. 2016లో జిల్లాలు చీలేదాకా వరంగల్‌లోనే ఉన్న చేర్యాల (ఇప్పుడు సిద్దిపేట జిల్లా) నకాషీ పటాలకు ప్రసిద్ధి. నేతగుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల పిండితో కాచిన జిగురు కలిపి పూత మీద పూత వేస్తారు. ఆరాక ఎర్రటి వెనకరంగు, ఉడుతవెంట్రుకల కుంచెతో సన్నగీత. పటం అడ్డంగా గళ్ళు గళ్ళుగా ఉంటుంది, ఒక్కో గడి ఒక్కో ఘట్టం. మూడడుగుల వెడల్పుతో పదుల అడుగుల పొడవుండే పటాన్ని పైనుంచి కిందికి విప్పుతూ కర్రతో చూపిస్తూ కథ చెబుతారు. ఏ కులానికి ఆ కులపు కథకులు: పద్మశాలీలకు కూనపులి వారు, గౌడులకు గౌడజెట్టి వారు, ముదిరాజులకు కాకిపడగల వారు. ఈ కాకిపడగల వారు చెప్పేది పాండవుల కథ.

గళ్ళు గళ్ళుగా గీయడం, ఒకదాని తర్వాత ఒకటి చూపడం, గొంతు, పాట, వాద్యం కలపడం. యానిమేషన్ వాళ్ళు సినిమా మొదలెట్టే ముందు గోడకంటించుకునే స్టోరీబోర్డు చూసినవాళ్ళకు చేర్యాల పటం ఎంత దగ్గరి చుట్టమో వేరే చెప్పక్కర్లేదు. పటం కథ కూడా ఒక్క రాత్రిలో తెమిలేది కాదు, రాత్రుల తరబడి సాగే ధారావాహికే. తేడా ఎక్కడుందంటే, పటం భీముడు వినేవాళ్ళ ఊరివాడిలా వస్తాడు. కథకుడికి ఎదుట కూర్చున్నది ఎవరో తెలుసు. వాళ్ళ తిండి, వాళ్ళ చెరువు, వాళ్ళ కల్లు ముంత కథలోకి జొరబడతాయి. ఢోలక్‌పూర్ మాత్రం దేశమంతా అమ్ముడుపోవాలి కాబట్టి ఏ ఊరూ కాని ఊరు. అక్కడ చెరువుంది, అది ఏ చెరువూ కాదు. పండగుంది, బతుకమ్మ కాదు. వ్యాపారానికి అది తెలివైన పనే. కానీ చేర్యాల పక్కనున్న రాజధానిలో గీసిన బొమ్మలో చేర్యాల ఎరుపు ఒక్క గడిలోనూ కనిపించకపోవడం మాత్రం మనసుకు పడుతుంది.

పటం మీదా టీవీ దెబ్బ పడింది. సినిమా, టీవీ వచ్చాక కథకులను పోషించే చేతులు తగ్గాయి. పొడుగు పటాలు అరుదై, గోడకు తగిలించే చిన్న చట్రాలు, కొయ్యపొట్టుతో చేసిన ముఖాలు మిగిలాయి.

ఆ వేసవి

2012 మే నెల యానిమేషన్‌కు చిత్రమైన నెల. దమ్యాన్ వచ్చిన వారానికే, మే 25న, యూటీవీ, డిస్నీ కలిసి తీసిన 'అర్జున్: ద వారియర్ ప్రిన్స్' విడుదలైంది. బొమ్మల నాణ్యతలో దమ్యాన్ దాని దరిదాపుల్లో లేదు. విమర్శకులు అర్జునుణ్ణి మెచ్చుకున్నారు, పిల్లలు భీముడి దగ్గరే ఉండిపోయారు. నాలుగేళ్ళుగా రోజూ ఇంటికొచ్చిన పిల్లవాణ్ణి చూడ్డానికి వెళ్ళడం వేరు, కొత్తవాణ్ణి పరిచయం చేసుకోవడం వేరు. 2005లో 'హనుమాన్' ఆడినప్పుడు దేశంలో యానిమేషన్ సినిమాలు వరదలా వస్తాయనుకున్నారు. వచ్చినవి చాలావరకు నిలవలేదు. నిలబెట్టేది టీవీ పరిచయమేనని గ్రీన్ గోల్డ్ లెక్క వేసింది.

తెలుగు నేల మీద మాత్రం ఆ వేసవి వేరే లెక్క. మే 11న 'గబ్బర్ సింగ్' వచ్చి థియేటర్లను ఆక్రమించింది. వేసవి సెలవుల్లో ఉన్న పిల్లలను పెద్దలు ఏ సినిమాకు తీసుకెళ్ళారో ఊహించడం కష్టం కాదు. జులై 6న 'ఈగ' వచ్చింది. రాజమౌళి సినిమాలో నాయకుడు మాట్లాడలేడు, ముఖంలో భావం పలకదు, కంప్యూటర్‌లో పుట్టాడు, అదీ హైదరాబాదులోనే. తెలుగు జనం వాడి కోసం చప్పట్లు కొట్టారు. బొమ్మను తెలుగువాడు నాయకుడిగా ఒప్పుకోడన్న మాట అక్కడితో చెల్లకుండా పోయింది. అంతకుముందు 'కిట్టు' అనే తెలుగు యానిమేషన్ సినిమా 2006 సంవత్సరానికి జాతీయ అవార్డు తెచ్చుకుంది. అవార్డు మిగిలింది, చూసినవాళ్ళు కొద్దిమందే.

తర్వాతి భీములు

దమ్యాన్ తర్వాత వరస కట్టాయి. 2013లో 'థ్రోన్ ఆఫ్ బాలి'లో భీమ్ ఇండొనేషియా వెళ్ళాడు, 2016లో హిమాలయాలకు, 2019లో త్రీడీలో చైనాకు. ఊరు దాటే సూత్రం ఎక్కడా మారలేదు. దూరాలు పెరిగాయి, అంతే. వరంగల్ చౌరస్తాలోనైనా, వేరే ఏ ఊరి బజారులోనైనా జూన్‌లో బడులు తెరిచేసరికి బ్యాగుల మీద, నీళ్ళసీసాల మీద ఈ బొమ్మ కనిపించడం మామూలైంది. సినిమాలకన్నా ఆ బ్యాగులే వాణ్ణి ఎక్కువ ఇళ్ళకు చేర్చి ఉంటాయి.

2024 సినిమాలో భీమ్‌గా యజ్ఞ భాసిన్, గురు శంభుగా అనుపమ్ ఖేర్, స్కందిగా మకరంద్ దేశ్‌పాండే నటించారు. థియేటర్లలో అది పెద్దగా నిలవలేదు. కారణం నటులు కాదు. బొమ్మగా ఉన్నప్పుడు పిల్లవాడు ఏనుగును గిరగిరా తిప్పినా ఎవరూ అడగరు. నిజమైన పిల్లవాడు అదే చేస్తే కన్ను ముందుగా తాడెక్కడుందని వెతుకుతుంది. గీతలో ఉన్న అబద్ధానికి అందం ఉంటుంది, కెమెరా ముందు అదే అబద్ధం సంజాయిషీ అడుగుతుంది.

గ్రీన్ గోల్డ్ వాళ్ళే 2019 ఏప్రిల్‌లో నెట్‌ఫ్లిక్స్‌కు ఇచ్చిన 'మైటీ లిటిల్ భీమ్' మరో దారి తొక్కింది. భీమ్ ఇందులో ఇంకా మాటలు రాని పసివాడు, డైపర్‌తో పాకుతుంటాడు. సంభాషణలు లేవు కాబట్టి డబ్బింగ్ కూడా అక్కర్లేదు. వరంగల్ పిల్లా వార్సా పిల్లా ఒకే భీముణ్ణి చూస్తారు. ఎడారి లేదు, మాంత్రికుడు లేడు, వెయ్యేళ్ళ వెనక్కి వెళ్ళే పని లేదు. ఇల్లు, పెరడు, వీధి, అమ్మ. ఎత్తుమీద పెట్టిన లడ్డూ ఒకటి, దాని కిందికి పాక్కుంటూ వచ్చి పైకి చూస్తున్న పిల్లవాడు ఒకడు.